నల్లమలలో కెమెరా కార్డుల వెంట

ఆత్మకూరు

బస్టాండు పక్క హోటల్లో ప్లేటు ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు కలిపి నలభై రూపాయలు. పొద్దున ఆరింటికే బాణలి చుట్టూ జనం. బొరుగుల్లో వేసిన పుట్నాలపొడి వాసన రోడ్డు దాకా వస్తోంది. శివరాత్రికి అడవి దారిన శ్రీశైలం నడిచే భక్తుల రద్దీ అయిపోయింది. ఉగాదికి కన్నడ భక్తులు రావడానికి ఇంకా టైముంది. వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా సాగే ఆ కాలిబాట చుట్టుపక్కల పులుల లెక్క కోసం కట్టిన కెమెరాలను పండగలప్పుడు విప్పేసి, జనం తగ్గాక మళ్ళీ కడతారట. నన్ను వెంట తీసుకెళ్ళడానికి ఒప్పుకున్న పరిశోధకుడు బజ్జీ తింటూ ఈ సంగతి చెప్పాడు. ముప్పై దాటని కుర్రాడు. మాట నెమ్మది, నడక మాత్రం చాలా వేగం.

మా పని మాటల్లో చెబితే సులువే. అడవిలో ముందే కట్టి ఉన్న కెమెరాల దగ్గరికి నడిచి వెళ్ళాలి, మెమరీ కార్డు మార్చాలి, బ్యాటరీ సెల్లు చూడాలి, పాడైనదాన్ని బాగుచేయాలి. అటవీశాఖ అనుమతితో జట్టు వెనకాల నడిచే మనిషిగా నేను చేరాను. జీపులో సెల్లుల డబ్బాలు, గొలుసులు, తాళాలు, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు, గడ్డి కోయడానికి రెండు కొడవళ్ళు, ఓ బియ్యం మూట, కందిపప్పు, చెనిక్కాయల పొడి ఉన్నాయి. ఒక్కో కెమెరా ఇరవై వేల దాకా ఉంటుంది కాబట్టి గొలుసు లేకుండా ఏదీ కట్టరు.

నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం వైశాల్యం 3,296 చదరపు కిలోమీటర్లు. దేశంలోని టైగర్ రిజర్వుల్లో అన్నిటికంటే పెద్దది. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు అవతలి అడవి అమ్రాబాద్ పేరుతో తెలంగాణకు వెళ్ళింది. పులికి ఆ గీత తెలియదు. అందుకే ఇటు తీసిన ఫోటోల్నీ అటు తీసిన ఫోటోల్నీ పోల్చి చూస్తేనే ఒక పులిని రెండుసార్లు లెక్కపెట్టకుండా ఉంటారు.

జీపు ఊరు దాటుతుంటే డ్రైవరు ఎడమకు చెయ్యి చూపించి "పెద్దగుమ్మడాపురం అటు సార్" అన్నాడు. 2023 మార్చిలో నాలుగు ఆడ పులిపిల్లలు దొరికింది ఆ ఊళ్ళోనే. తల్లిని టి-108గా గుర్తించారు. పిల్లల్ని దానితో కలపాలని రాత్రంతా కాపు కాశారు, దారుల్లో కెమెరాలు కట్టారు, అయినా కుదరలేదు. చివరికి పిల్లల్ని తిరుపతి జూకి తరలించారు. ఆ రోజుల్లో నేను టీవీ ముందు నుంచి కదల్లేదు. ఈ ప్రయాణానికి బీజం అక్కడే పడింది.

బైర్లూటి

దోర్నాల వెళ్ళే రోడ్డు మీద బైర్లూటి దగ్గర దిగి చెంచు గూడెంలోకి నడిచాం. మాతో రావాల్సిన పెద్దాయన వాకిట్లో కూర్చుని చెప్పు తెగిన చోట తీగ బిగిస్తున్నాడు. అరవై పైబడిన మనిషి. బక్కపలచగా ఉన్నాడు, భుజాన గొడ్డలి. ఆయనతో పాటు ఇద్దరు కుర్ర వాచర్లు, ఒకరు ఆయన చెల్లెలి కొడుకు. "టిఫిను తిన్యారా సారూ? నీళ్ళు తాగి కూసోండి, ఎండ ఎక్కకముందే పోదాం" అని ఇంట్లోంచి చెంబు తెప్పించాడు. ఎవరి ఇంటికి వెళ్ళినా ముందు నీళ్ళు, తర్వాతే మాట. అలా నాలుగు ఇళ్ళలో నీళ్ళు తాగాను.

మేం బయల్దేరుతుంటే ఒకామె అడ్డంగా వచ్చి నిలబడింది. చంకలో పిల్ల, చేతిలో ఖాళీ బిందె. పరిశోధకుణ్ణే చూస్తూ అడిగింది: "ఆ పెట్టె మనుషుల్ని గూడా పడతాదంట, నిజమేనా?"

"పడుతుందక్కా. ఎదురుగా ఏది కదిలినా తీస్తుంది. మనుషుల ఫోటోలు పక్కన పెట్టేస్తాం, ఎవరికీ చూపించం."

"చూపించరు సరే. నువ్వు చూస్తావు గదా?"

కుర్రాడు తల దించుకున్నాడు. కాసేపాగి "చూస్తానక్కా" అన్నాడు.

"మేం ఆడోళ్ళం పొద్దున్నే వాగు కాడికి పోతాం. ఆ దోవలో కట్టొద్దు."

ఆమె వెళ్ళాక మ్యాపు తీసి, గూడేనికి దగ్గరగా గుర్తుపెట్టిన ఒక స్థలాన్ని కొట్టేశాడు. పెద్దాయనను అడిగి, పైన రాళ్ళ దారిలో మరో చోటు రాసుకున్నాడు. నాకు ఈ పని నచ్చింది. అడవిలో పులిని కాపాడే పేరుతో, అక్కడ తరతరాలుగా బతుకుతున్న ఆడవాళ్ళు దారి నడవడానికి జంకే పరిస్థితి రాకూడదు. ఆమె అడిగింది చాలా న్యాయమైన మాట. కెమెరాలు కట్టే ప్రతి జట్టూ ముందు గూడెంలో కూర్చుని ఈ మాట విని ఆ తర్వాత అడవిలోకి వెళ్ళాలి.

వాగు వెంట

అడవిని మ్యాపు మీద రెండు చదరపు కిలోమీటర్ల గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలో ఒక జత కెమెరాలు కడతారు. కాగితం మీద అన్ని గడులూ ఒకటే. నడిస్తే ఏ రెండూ ఒకలా లేవు. తొలి గడిలో చదునుగా ఉన్న బండ్ల బాట, పక్కన మోదుగలు విరగబూసి ఉన్నాయి. రెండోదానికి వెళ్ళాలంటే రెండు గుట్టలు ఎక్కి దిగాలి.

ఆ రెండోదానికి వెళ్ళేటప్పుడే దారి తప్పాం. జీపీఎస్ ఆరువందల మీటర్లే చూపిస్తోంది. పెద్దాయన ఎడమ చేతి వైపు చూపించి "ఇట్ల చుట్టు తిరిగి పోవాల" అన్నాడు. జట్టులోని టెక్నీషియన్‌కు తొందర. బాణం గుర్తు చూపించినట్టు తిన్నగా వెదురు పొదల్లోకి దారి తీశాడు. పెద్దాయన ఏమీ అనకుండా మా వెనకే వచ్చాడు. వెదురు ముళ్ళు చొక్కా చేతుల్ని పట్టి లాగుతున్నాయి. ముప్పావు గంట తర్వాత బండ అంచు మీద తేలాం. కింద వాగు, దిగడానికి ఎక్కడా మెట్టు లేదు. అవతలి గట్టున కెమెరా కట్టిన చెట్టు కళ్ళకు కనబడుతూనే ఉంది. వెనక్కి తిరిగాం. ఎండ ముదిరింది, నీళ్ళ సీసాలు సగమయ్యాయి. ఎందుకు ఆపలేదని తర్వాత పెద్దాయనను అడిగితే "సదువుకున్న పిల్లగాడు, మిషను చేతిలో ఉంది, నా మాట యాడ ఇంటాడని" అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అలవాటైపోయిన మాటలా ఉంది, అందుకే నాకు ఎక్కువ బాధేసింది.

ఆయన చూపిన దారిలో వాగు ఇసుకలోకి దిగాక నడక ఆగింది. చేత్తో మమ్మల్ని పక్కకు జరగమని, గొంతుక్కూర్చుని ఇసుక మీద వేలితో గుండ్రంగా చుట్టు గీశాడు. పాదం అచ్చు. మడమ, నాలుగు వేళ్ళు, గోళ్ళ గుర్తు లేదు. అంచుల్లో ఇసుక ఇంకా విరగలేదు. "ఆడది. రాత్రి పోయింది. మగదైతే అడుగు చదరంగా ఉంటాది, ఇది కోలగా ఉంది సూడు." ఇంకాస్త ముందుకెళ్ళి అదే దారిలో చిన్న అడుగులు చూపించాడు, ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయి ఉన్నాయి. "పిల్లలు రెండు."

నాకు ఒళ్ళు జలదరించింది. పరిశోధకుడు స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి, పెద్దాయన చెప్పింది చెప్పినట్టు నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

కెమెరాలు అక్కడికి పాతిక అడుగుల దూరంలో ఉన్నాయి, దారికి అటొకటి ఇటొకటి, నల్లమద్ది చెట్టుకు ఒకటి, పాతిన గుంజకు ఒకటి, మోకాలి ఎత్తులో. ఎదురెదురుగా కట్టడానికి కారణం చారలు. పులి ఎడమ పక్క చారలకూ కుడి పక్క చారలకూ పోలిక ఉండదు. ఒక పక్కే దొరికితే, మరోచోట రెండో పక్క దొరికిన పులి ఇదేనో కాదో తేల్చలేరు. రెండు పక్కలూ ఒకేసారి పడాలి.

నల్లమద్దికి ఉన్న కెమెరా బాగానే ఉంది. గుంజకు ఉన్నదాని తాళం తీసి మూత తెరవగానే ఎర్రచీమలు బిలబిలమని బయటికొచ్చాయి. లోపల సెల్లుల పక్కన తెల్లటి గుడ్లు, మెత్తటి మన్ను. సిలికా జెల్ గులాబీ రంగుకి తిరిగింది, అంటే తేమ పట్టేసింది. వేడిని పసిగట్టే సెన్సర్ గాజు మీద పలచటి సాలెగూడు. వాచర్ కుర్రాడు కుచ్చు బ్రష్షుతో చీమల్ని ఒక్కొక్క మూల నుంచి దులిపాడు, గుడ్లను ఆకు మీదకి ఎత్తి చెట్టు మొదట్లో పెట్టాడు. మెత్తటి గుడ్డతో గాజు తుడిచి, సెల్లు మార్చి, కొత్త పొట్లం వేసి, కార్డు జేబులో పెట్టుకున్నాడు. తర్వాత స్థలం నంబరు, తేదీ రాసిన పలక పట్టుకుని కెమెరా ముందు నిలబడ్డాడు. కొత్త కార్డులో మొదటి ఫోటో ఎప్పుడూ ఆ పలకదే. చివరి పరీక్షగా చేతులూ మోకాళ్ళ మీద పులి నడిచే ఎత్తులో దారికి అడ్డంగా పాకాడు. ఎర్ర దీపం వెలిగితే సరిగ్గా కట్టినట్టు. మొదటిసారి వెలగలేదు. రాయి ముక్క ఒకటి వెనక దూర్చి కెమెరాను కాస్త కిందికి వంచాడు. రెండోసారి వెలిగింది.

ఎదురుగా ఉన్న గడ్డిని కోసేటప్పుడు మాత్రం పరిశోధకుడే కొడవలి పట్టాడు. ఎండకు కాగిన గడ్డి గాలికి ఊగితే చాలు, సెన్సర్ దాన్నీ జంతువే అనుకుని ఫోటో తీసేస్తుంది. వారంలో సెల్లు అయిపోతాయి, కార్డు నిండా గడ్డే.

బేస్ క్యాంపు

రాత్రి బస అడవి లోపలి బేస్ క్యాంపులో. రేకుల గది, చుట్టూ కందకం, ఒక సోలార్ దీపం, నీళ్ళ డ్రమ్ము. ఇక్కడ ఉండే వాచర్లు నెలలో ఎక్కువ రోజులు ఇంటికి దూరమే. కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ పప్పు, చెనిక్కాయల పొడి. రొట్టె తట్టింది పెద్దాయన చెల్లెలి కొడుకు. అరచేతిలో తిప్పుతూ తడుతుంటే అంచు ఎక్కడా పగల్లేదు. నాకు రెండు రొట్టెలు ఎక్కువ వేసి, వద్దంటే "పొద్దున మళ్ళీ గుట్ట ఎక్కాల గదన్నా" అన్నాడు. డబ్బులిస్తానంటే ఎవరూ చెయ్యి చాపలేదు. బియ్యం, పప్పు మా జట్టు తెచ్చినవే కాబట్టి లెక్క సరిపోయిందన్నారు.

భోజనాలయ్యాక పెద్దాయన పాత సంగతులు చెప్పాడు. ఆయన కుర్రతనంలో పులుల లెక్కంటే అడుగుల లెక్కే. చదరపు గాజు పలకను అడుగు పైన పెట్టి, పెన్నుతో అచ్చు గీసి, కాగితం మీదకి ఎక్కించేవాళ్ళు. "ఒకే అడుగు ఇసకలో ఒక తీరు, బురదలో ఒక తీరు పడతాది. మాకు తెలుసు. కాగితం చూసేటోళ్ళకు యాడ తెలుస్తాది?" అన్నాడు. ఆ పద్ధతి చెడింది సరిగ్గా అక్కడే. రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితాల మీద పులులు ఉండగానే, అడవిలో ఒక్కటీ మిగల్లేదని 2005 నాటికి బయటపడింది. 2006 నుంచి దేశమంతటా నాలుగేళ్ళకోసారి కెమెరాలతో లెక్క మొదలైంది. మన దేశంలో చారల ఫోటోలతో పులుల సంఖ్యను శాస్త్రీయంగా అంచనా కట్టే దారి వేసింది వన్యప్రాణి శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్. 1990లలో కర్ణాటకలోని నాగరహొళె అడవిలో ఆయన ఈ పని చేశారు. 2018 విడతలో దేశవ్యాప్తంగా 26,838 చోట్ల కెమెరాలు కట్టారు, మూడున్నర కోట్లకు కాస్త తక్కువ ఫోటోలు వచ్చాయి. అందులో పులులవి 76,651. ఆ విడతలో ఆంధ్రప్రదేశ్‌లో పులులు 48, 2022లో 63.

ఫోటోల్లో పడినవి ఎన్నో అంతే ఉన్నాయని రాసేయరు. ఒకసారే పడినవి ఎన్ని, పదే పదే పడినవి ఎన్ని, ఏది ఏ గడి నుంచి ఏ గడిదాకా తిరిగింది అన్నది చూసి, పడకుండా తప్పించుకున్నవి ఎన్ని ఉండొచ్చో లెక్క కడతారు. ముంతతో గింజలు తీసి గాదెలో ఎంత ఉందో చెప్పే రైతు పద్ధతి ఇది. ముంత ఎక్కడ ముంచాలో తెలిసినవాడు చెబితేనే ఆ లెక్క నిలుస్తుంది.

పరిశోధకుడు లాప్‌టాప్ తెరిచి కార్డు పెట్టాడు. అందరం చుట్టూ చేరాం. చీమలు పట్టిన కెమెరా కార్డులో మొదట వరసగా గడ్డి. వందల ఫోటోలు, అదే గడ్డిపోచ. తర్వాత ఒక కొండముచ్చు గుంపు, కెమెరాలోకి కన్ను పెట్టి చూస్తున్న పిల్ల కొండముచ్చు. రాత్రి పదకొండుకి ముళ్ళపంది, తెల్లవారుజామున కణితి (సాంబార్ దుప్పి). ఎలుగు ఒకటి వీపు మీద పిల్లను ఎక్కించుకుని పోతోంది. ఆ ఫోటో దగ్గర వాచర్లిద్దరూ చాలాసేపు ఆగారు. అందులో ఒకరి మేనమామను ఎలుగు కరిచింది, చెయ్యి ఇప్పటికీ సరిగ్గా లేవదు. అయినా "పిల్లను ఎంత జాగ్రత్తగా తీస్కపోతాండాదో సూడు" అన్నాడు. తర్వాత కార్డు ఖాళీ. చీమలు ఆ రోజు నుంచే కాపురం పెట్టినట్టున్నాయి.

రెండో కార్డులో ఆమె ఉంది. రాత్రి రెండున్నర, తెల్లటి ఫ్లాష్, ఎడమ పక్క మొత్తం స్పష్టంగా. తల కొంచెం కిందికి, నోరు కాస్త తెరిచి. భుజం వెనక చారలు రెండు కలిసి కింద చీలాయి, తొడ మీద మూసుకున్న కన్ను ఆకారంలో ఒక గుర్తు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మరో నాలుగు నిమిషాల తర్వాతి ఫోటోలో అంచున చిన్న తోక, ఒక వెనక కాలు. పిల్ల. రెండోది పడలేదు.

పరిశోధకుడు పాత ఫోటోల ఫోల్డరు తెరిచి తొడ గుర్తుతో పోల్చడం మొదలుపెట్టాడు. దీనికి సాఫ్ట్‌వేర్లున్నాయి, జాతుల్ని వేరుచేసే కృత్రిమ మేధ ఉంది, చారల్ని పోల్చేది వేరే ఉంది. చివరి మాట మాత్రం మనిషి కంటితోనే. గంటన్నర తర్వాత తేలింది. కిందటేడు ఇక్కడికి నాలుగు గడుల అవతల పడిన ఆడపులే. అప్పుడు రెండు పక్కలూ పడ్డాయి కాబట్టి సరిపోయింది. లేకపోతే చీమల దయ వల్ల ఈ ఫోటో సగం సాక్ష్యంగా మిగిలేది.

"పిల్లలు రెండని రాయి సారూ" అన్నాడు పెద్దాయన.

"నోట్సులో రాశాను పెద్దాయనా. లెక్కలోకి మాత్రం రావు. ఏడాది నిండని పిల్లల్ని కలపరు, అన్నీ బతకవు కదా."

పెద్దాయన తల ఊపాడు. "అవును, అన్నీ బతకవు."

రోళ్ళపెంట

తిరుగు దారి రోడ్డు మీదుగా. రోళ్ళపెంట దాటాక ఘాట్ మలుపులో మనుబోతు ఒకటి రోడ్డు దాటుతుంటే డ్రైవరు జీపు ఆపి ఇంజను ఆపేశాడు. వెనక కారువాళ్ళు హారన్ కొట్టి, పక్కనుంచి దూసుకెళ్ళారు. మలుపు మలుపుకీ వేగం తగ్గించమని బోర్డులున్నాయి. రోడ్డు పక్క కోతులకు పారేసిన చిప్స్ కవర్లు, చీరిన బిస్కెట్ పొట్లాలు. రాత్రి లోపల చూసిన ఫోటోల్లోని జంతువులన్నీ ఈ తారు రోడ్డును దాటాల్సినవే. దయచేసి ఈ దారిన వెళ్ళేవాళ్ళు నెమ్మదిగా వెళ్ళండి, కోతులకు ఏమీ వేయకండి. తిండికి ఆశపడి అవి రోడ్డెక్కుతాయి, వాహనాల కింద పడతాయి.

దోర్నాల

దోర్నాల సెంటర్లో టీ పది రూపాయలు, అల్లం దండిగా వేశారు. పెద్దాయన రెండు గ్లాసులు తాగాడు. మనవడికి కిలో జిలేబీ కొనుక్కుని, నేను డబ్బులివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "మా పిల్లగాని తీపి నేనే కొనాల" అన్నాడు. కుర్ర వాచర్లు ఫోన్లు రీచార్జి చేయించుకున్నారు. వాళ్ళ జీతాలు కొన్నిసార్లు రెండు నెలలు ఆలస్యమవుతాయని అప్పుడే తెలిసింది. ఇలాంటి పనికి జీతం నెల నెలా పడాలి. అడవి గురించి ఇంత తెలిసినవాళ్ళు విసిగిపోయి కూలికి వేరే ఊరు వెళ్ళిపోతే, ఆ గడుల్లో కెమెరా ఎక్కడ కట్టాలో ఏ మిషనూ చెప్పలేదు.

టీ బల్ల మీదే పరిశోధకుడు డేటా షీట్లు పూర్తిచేశాడు. స్థలం నంబరు, అక్షాంశం, రేఖాంశం, కార్డు నంబరు, సెల్లు మార్చిన తేదీ, కెమెరా కట్టినవారి పేరు. స్థలం చూపించినవారి పేరుకు అచ్చులో గడి లేదు. పెన్నుతో పక్కన ఒక గీత గీసి, ఆ వరసలో పెద్దాయన పేరు, వాచర్ల పేర్లు ఒక్కో షీటులోనూ రాశాడు. రిపోర్టులో కూడా వేయించే ప్రయత్నం చేస్తానన్నాడు. వేయించి తీరాలని నేను గట్టిగానే అడిగాను.

తర్వాత మ్యాపు పరిచారు. వచ్చే విడతకు బండ అంచు నుంచి కనబడిన కెమెరాను వాగు అవతలి మడుగు దగ్గరకు మార్చాలని పెద్దాయన చెప్పాడు. ఎండలు ముదిరితే ఆ తల్లి పిల్లలతో దిగేది అక్కడికేనట. టెక్నీషియన్ ఆ చోటును జీపీఎస్‌లో ఎక్కించుకుని, అక్కడికి ఎటునుంచి నడవాలో ఆయన్నే అడిగి రాసుకున్నాడు. ఇంటికొచ్చిన మర్నాడే ఆ విడతకు అనుమతి కోసం నేనూ అర్జీ పెట్టాను.